మా అత్తయ్య తెచ్చిన తవుడుండలు

మొన్నమొన్నటి దాకా పొద్దున్నే మా పెరటి తలుపు తీసేది మా అత్తయ్య రాహేలు. ఒక చేతిలో బుట్ట, రెండో చేతిలో నా నాలుగేళ్ళ కూతురు ఎస్తేరు వేలు. ఇద్దరూ గోడవార తిరిగి, కాలవగట్టు దాకా వెళ్ళి, ఏ ఆకు దొరికితే ఆ ఆకు కోసుకొచ్చేవాళ్ళు. ఒకరోజు పొన్నగంటి కూర, ఒకరోజు తోటకూర, వానలు పడ్డాక గంగపావిలి కూర. గడప మీద కూర్చుని ఇద్దరూ ఆకు బాగుచేసేవాళ్ళు. పురుగు తిన్న ఆకు ముందుగా ఎవరు పట్టుకుంటే వాళ్ళు గెలిచినట్టు. రోజూ ఎస్తేరే గెలిచేది. నేను పొయ్యి దగ్గర కూర్చుని వాళ్ళ గొడవ వింటూ ఎసరు పెట్టేదాన్ని.

ఇప్పుడు ఆ తలుపు నేనే తీస్తున్నాను. అత్తయ్య పోయి నెల దాటింది. ఆమె పోయిన మొదటి రోజుల్లో ఎస్తేరు బుట్ట ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చునేది. "రా అమ్మా, మనిద్దరం వెళ్దాం" అంటే కదిలేది కాదు. కంచంలో అన్నం పెడితే పెదవులు బిగించేది. ఒక బిడ్డను మట్టిలో పెట్టిన దాన్ని నేను. రెండో బిడ్డ కంచం ముందు నోరు మూసుకుని కూర్చుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

అత్తయ్యది దివిసీమలో కోడూరు దగ్గర చిన్న పల్లె. ఏ ఏట పుట్టిందో తెలియదు. గాలివాన వచ్చిన ఏడు పుట్టానని చెప్పేది. అటువైపు గాలివాన రాని ఏడేది? అందుకని ఆమె వయసు ఎవరికీ తేలలేదు. పెళ్ళయిన ఆరో ఏట మావయ్య ఏలీయా చేలో పాము కరిచి పోయాడట. అప్పటికి మా ఆయన యాకోబు చంకలో పిల్లాడు. అత్తయ్య ఊళ్ళో కామందుల ఇంట వడ్లు దంపడానికి కుదిరింది. తెల్లటి బియ్యం వాళ్ళ గాదెలోకి వెళ్ళేవి. నూకలూ తవుడూ ఈమె కొంగులోకి వచ్చేవి. నూకలు గంజి కాచేది. తవుడు దోరగా వేయించి, కాస్త బెల్లం దొరికితే కలిపి ఉండ చుట్టి కొడుక్కి పెట్టేది. బెల్లం లేని రోజు ఉప్పు. ఆ తవుడు తిని పెరిగిన పిల్లాడు చదువుకుని బందరులో బడిపంతులయ్యాడు.

నాది గుడివాడ. మా నాన్న జ్ఞానయ్య గారు కాంపౌండరు. మాదీ ఊరవతల పల్లె నుంచి వచ్చిన కుటుంబమే, కాకపోతే ఒక తరం ముందు బయటపడ్డాం. మా అమ్మ కృపమ్మకి వాళ్ళమ్మ ఎవరి గుమ్మం ముందో కుండ పట్టుకుని గంజి కోసం నిలబడటం గుర్తుంది. అందుకని అమ్మ మా ఇంట్లో గంజి తాగనిచ్చేది కాదు. గుడివాడకి మిల్లులు వచ్చాక మర ఆడించిన బియ్యం తప్ప ఇంకో బియ్యం మా గుమ్మం తొక్కలేదు. అన్నం మల్లెపూవులా ఉంటేనే మనం మనుషుల్లో పడ్డట్టు అని ఆమె నమ్మకం. నన్నూ అలాగే పెంచింది.

నా మొదటి కాన్పు పుట్టింట్లోనే జరిగింది. మగపిల్లాడు. మావయ్య పేరే పెట్టాం, ఏలీయా అని. అమ్మ నాకు పథ్యం గట్టిగా చేయించింది. మిల్లు బియ్యం నాలుగు నీళ్ళు కడిగి, గంజి వార్చి, ఆ అన్నంలో కారప్పొడీ చారెడు నెయ్యీ. పప్పు వాతం, కూర చలవ, మజ్జిగ అసలే వద్దు. అందరి ఇళ్ళలో చేసేదే. మిగతా వాళ్ళు నలభై రోజులు చేస్తే అమ్మ నా మీద ప్రేమ కొద్దీ మూడు నెలలు చేయించింది.

పిల్లాడికి రెండో నెల వచ్చాక అత్తయ్య చూడటానికి వచ్చింది. కోడూరు నుంచి నడిచి, పులిగడ్డ దగ్గర పడవ మీద ఏరు దాటి, బందరు చేరి, అక్కడ రైలెక్కి గుడివాడలో దిగింది. రెండు రోజుల ప్రయాణం. నెత్తి మీద మూట. మూటలో ఉలవలు, రొయ్యపొట్టు, పాత గుడ్డలో చుట్టిన ఇరవై తవుడుండలు.

"బాలింతరాలికి వదినగారూ" అంది మూట విప్పుతూ. "కొత్త తవుడు. రోజుకి రెండు తింటే పాలు బాగా పడతయ్యి."

అమ్మ ముక్కు చిట్లించలేదు, అంత మోటుది కాదు. నవ్వింది. "మీ వైపు బాలింతలకి తవుడు పెడతారా వదినా? మేం గేదెకి పెడతాం."

"గేదె బాలింతయితే దానికీ పెట్టాల్సిందేగా వదినా" అంది అత్తయ్య అంతే నవ్వుతూ.

అమ్మ ఉండలు గూట్లో పెట్టింది. నాకు మాత్రం ఒళ్ళు ముడుచుకుపోయింది. పక్కింటి గుమాస్తా గారి భార్య మర్నాడు సాయంత్రం పిల్లాణ్ణి చూడటానికి వస్తానంది. ఆవిడ కంట్లో అవి పడితే? మర్నాడు పొద్దున అత్తయ్య స్నానానికి వెళ్ళినప్పుడు నేను మూట తీసుకుని కొట్టంలోకి వెళ్ళాను. బాలింతరాలిని, గడప దాటకూడదు, అయినా వెళ్ళాను. ఉండలన్నీ చిదిపి కుడితి తొట్టిలో వేశాను. గేదె మూతి పెట్టి నాకుతుండగా వెనక్కి తిరిగితే అత్తయ్య తడి చీరతో నిలబడి ఉంది.

"ఇష్టంగా తింటందే" అంది. "మా చేతి వంటకి మీ ఊళ్ళో గిరాకీ ఉందన్నమాట."

అంతే.  రెండో పూట రైలుకి బయలుదేరుతూ పిల్లాడి పాదం ముద్దు పెట్టుకుని, "తాత పేరు మోస్తన్నావు, జాగర్త నాయనా" అని వెళ్ళిపోయింది.

నాలుగో నెలలో పిల్లాడు పాలు కక్కడం మొదలుపెట్టాడు. ముఖం నిండుగా కనిపిస్తుంటే ఒళ్ళు చేశాడనుకున్నాం. అది ఒళ్ళు కాదు, ఉబ్బు. తర్వాత గొంతు పోయింది. నోరు తెరిచి ఏడుస్తాడు, ముఖం ఎర్రబడుతుంది, కన్నీళ్ళు కారతాయి, శబ్దం రాదు. ఇంటిల్లిపాదీ నిద్రపోతున్న గదిలో ఏడ్చినా ఎవరికీ తెలియదు. వాణ్ణి నా గుండె మీదే పడుకోబెట్టుకునేదాన్ని, వణుకు తగిలితే ఏడుస్తున్నాడని తెలుసుకోవడానికి. నాన్న తనకు తెలిసిన మందులన్నీ పోశారు. మూడో రోజు మధ్యాహ్నం బందరు రైలు కూత వేస్తుండగా వాడు పోయాడు.

ఉత్తరం చేరి అత్తయ్య వచ్చేసరికి అంతా అయిపోయింది. సమాధి దగ్గర చాలాసేపు కూర్చుంది. తడి మట్టి మీద గడ్డి పరక మొలిస్తే పీకి పక్కన పెట్టింది. "వాళ్ళ తాత పేరు వాడికి బరువైందేమో" అంది. తవుడుండల మాట ఎత్తలేదు. ఆ రోజూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు. ఎప్పుడెత్తుతుందా అని నేను ఏళ్ళ తరబడి ఎదురుచూశాను.

రెండేళ్ళకి మళ్ళీ నెల తప్పింది. ఈసారి మా ఆయన నన్ను గుడివాడ పంపలేదు, బందరులోనే ఉంచారు. ఆస్పత్రిలో డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి మొదటి పిల్లాడి సంగతి అడిగింది. గొంతు పోయిందనగానే కాగితం మీద రాస్తున్నది ఆపింది.

"బాలింతగా ఏం తిన్నావు?"

చెప్పాను. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను కూడా, అంత నిష్ఠగా చేశాను కనుక.

"మర ఆడిస్తే బియ్యంలో బలమంతా తవుడుతో పోతుంది. తల్లి ఆ తెల్లన్నం ఒక్కటే తింటే పాలల్లోనూ ఉండదు. ఈ జిల్లాలో అలా పోయిన పిల్లల్ని చాలామందిని చూశాను" అంది.

"తవుడు తిని ఉంటే?" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

"బతికేవాడేమో" అంది.

ఆ 'ఏమో' ఇప్పటికీ నాతోనే ఉంది. ఇంటికి వచ్చి మా ఆయన చేత కోడూరుకి కార్డు రాయించాను, అత్తయ్యని వచ్చేయమని. వచ్చింది. మూట దింపకముందే, "తవుడు తెచ్చారా అత్తయ్యా?" అన్నాను.

"మీకు గేదె లేదుగా?" అంది. నా ముఖం చూసి వెంటనే, "తెచ్చా తెచ్చా, రెండు కుంచాలు తెచ్చా. ముందు మంచినీళ్ళియ్యి" అంది.

ఆ నాటి నుంచి మాతోనే ఉండిపోయింది. మా ఇంట్లోకి రోలూ రోకలీ వచ్చాయి. ఎస్తేరు పుట్టింది, పాలు తాగింది, గట్టిగా ఏడ్చింది. అది అర్ధరాత్రి ఊరంతా లేచేలా ఏడ్చినా నేను విసుక్కోలేదు. వింటూ కూర్చునేదాన్ని.

అన్నం తినే వయసు వచ్చాక నా భయం ఇంకో దారి పట్టింది. గిన్నె పట్టుకుని దాని వెనకాల పెరడంతా తిరిగేదాన్ని. కాకిని చూపించి ఒక ముద్ద, బూచాణ్ణి పిలిచి ఒక ముద్ద. మూతి తిప్పుకుంటే బుగ్గలు నొక్కి కుక్కేదాన్ని. అది కక్కేది, నేను ఏడ్చేదాన్ని. అత్తయ్య నాలుగు రోజులు చూసి ఊరుకుంది. అయిదో రోజు గిన్నె నా చేతిలోంచి తీసుకుంది.

"కోడిని చూశావా అమ్మాయ్? పిల్ల నోట్లో కుక్కుద్దా? తను గీకుద్ది, తను పొడుచుకుంటది. పిల్ల పక్కన నిలబడి చూసి అదీ పొడుచుద్ది. నువ్వేంటి, కోడి కంటే తెలివైందానివా?"

"తినకపోతే ఎట్లా అత్తయ్యా?"

"ఈ పూట తినకపోతే మాపటికి ఆకలేస్తది. ఆకలయ్యే దాకా ఆగలేవు నువ్వు. అదే నీ జబ్బు."

పెడన సంతలో చిన్న మట్టి మూకుడు కొనుక్కొచ్చింది. తన కంచం పక్కన ఎస్తేరు మూకుడు పెట్టి, దానిలో కాస్త అన్నం, పప్పు వేసి, పిల్ల వైపు చూడకుండా తన అన్నం తను తినేది. ఎంత ఇష్టంగా తినేదంటే నాకే నోరూరేది. పిల్ల సగం నేల మీద పోసేది. నేను లేవబోతే, "కూర్చో. కాకులకి మాత్రం ఆకలుండదా" అనేది. కొత్త కూర వండిన రోజు మూకుడు అంచున చింతగింజంత పెట్టేది, అంతకు మించి పెట్టేది కాదు. పిల్ల వద్దంటే, "అయితే నాదే" అని తనే తీసుకుని నోట్లో వేసుకునేది. పొన్నగంటి కూర అలా ఆరు రోజులు అత్తయ్య నోట్లోకే పోయింది. ఏడో రోజు ఆమె చెయ్యి చాచేలోపల ఎస్తేరు గబుక్కున తీసుకుని మింగేసి, గెలిచినట్టు చూసింది.

బెల్లం ముక్క చూపించి అన్నం తినిపించడం ఆమె ఒప్పుకునేది కాదు. "అప్పుడు అన్నం శిక్ష, బెల్లం బహుమానం అనుకుంటది పిల్ల. అన్నానికి అంత అవమానం ఎందుకు?" అనేది. మూడో ఏట ఎస్తేరు వాళ్ళ నాన్న సంచిలో బలపాలూ సుద్దముక్కలూ దొంగిలించి తినడం మొదలుపెట్టింది. నేను చెయ్యెత్తాను. అత్తయ్య అడ్డం వచ్చి, ఉలవ గుగ్గిళ్ళు చిన్న సంచిలో పోసి దాని మెడలో వేసింది. "కొరకబుద్దయితే ఇయ్యి కొరుక్కో. మీ నాన్న బలపాలు తింటే ఆయన రేపు బళ్ళో పిల్లలకి ఏం పెట్టి రాత్తాడు?" పదిహేను రోజులకి సుద్ద మానేసింది.

మా ఆయనకి ఒకసారి కోపం వచ్చింది. ఎస్తేరు వీధి గుమ్మంలో కూర్చుని తవుడుండ తింటుంటే ఆయనతో పాటు పనిచేసే పంతులొకాయన చూసి, "ఏమండోయ్, మీ అమ్మాయి గేదె మేత మేస్తోంది" అన్నాడట. ఆయన ఇంట్లోకి వచ్చి, "అమ్మా, కనీసం వీధిలోకి పంపకు" అన్నారు.

"నువ్వు అది తినే పంతులువయ్యావురా" అంది అత్తయ్య. "ఇది హెడ్‌మాస్టరవుద్దేమో. అప్పుడు ఆయన్ని బెంచీ ఎక్కించుద్ది."

ఆయన నవ్వలేదు. తలదించుకుని లోపలికి వెళ్ళారు. ఆయన సిగ్గు నాకు అర్థమైంది. అది నాకు తెలిసిన సిగ్గే.

మొన్న భాద్రపదం వానల్లో అత్తయ్యకి జ్వరం పట్టుకుంది. వారం తిరిగేసరికి గంజి కూడా దిగడం మానేసింది. నేను గ్లాసు పట్టుకుని, "ఒక్క గుక్క అత్తయ్యా, నా మీద ఒట్టు" అని బతిమాలుతున్నాను. ఎస్తేరు నన్ను పక్కకి జరగమంది. తన మూకుడులోంచి చింతగింజంత అన్నం తీసి అత్తయ్య చేతిలో పెట్టి, అటు తిరిగి కూర్చుని తన అన్నం తను తినసాగింది. అత్తయ్య చాలాసేపటికి ఆ మెతుకులు నోట్లో పెట్టుకుంది. ఆమె తిన్న ఆఖరి అన్నం అదే.

మర్నాడు మధ్యాహ్నం పిల్ల నిద్రపోతుండగా నేను మంచం పట్టె మీద కూర్చుని చెప్పేశాను. "అత్తయ్యా, గుడివాడలో ఆ ఉండలు... అమ్మ చెప్పి కాదు, నేనే పడేశాను."

కళ్ళు తెరవకుండానే, "తెల్సమ్మాయ్" అంది. "ఆ రోజు నీ చేతులకి తవుడు అంటుకునుంది."

"మరి ఒక్కమాటైనా అనలేదేం?"

"అంటే ఏమొస్తది? వాడొస్తాడా?" కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "నేనూ నోరిప్పి చెప్పాల్సింది. పెద్దింటి పిల్లవని జంకా. పోన్లే. పిల్ల లేచిందేమో చూడు, గుగ్గిళ్ళు నానేశావా?"

ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది.

తర్వాత ఎస్తేరు నోరు బిగించింది. అమ్మ గుడివాడ నుంచి పరామర్శకి వస్తూ అరబస్తా మిల్లు బియ్యం తెచ్చింది. తెల్లన్నంలో పంచదార కలిపి పెడితే పిల్ల తిన్నది. నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశావా, తింటోందిగా. తిననీ" అంది అమ్మ. అయిదు రోజులు అదే పెట్టాను. ఆరో రోజు పంచదార తగ్గితే కంచం తోసేసింది. ఆ మధ్యాహ్నం దాని పెదవుల మీద సుద్ద కనిపించింది.

కొట్టలేదు. ఎదురుగా కూలబడి, "ఎందుకమ్మా తినవు?" అన్నాను.

"నువ్వు తినట్లేదుగా" అంది.

నిజమే. అత్తయ్య పోయాక నేను అన్నం ముందు సరిగా కూర్చున్నది లేదు. నిలబడి ఏదో నోట్లో వేసుకుని చెయ్యి కడుక్కునేదాన్ని.

"నాయనమ్మ తినడం మానేసి పోయింది. నువ్వూ పోతావుగా" అంది పిల్ల, సుద్ద తుడుచుకుంటూ.

దంపుడన్నం మిగిలి ఉంటే నా కంచంలోనూ పిల్ల మూకుడులోనూ పెట్టి, దాని పక్కనే కూర్చున్నాను. పిల్ల వైపు చూడకూడదని అత్తయ్య చెప్పింది. చూడకుండా తినడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.  కన్నీళ్ళు అన్నంలో పడుతున్నాయి. అయినా తిన్నాను. కాసేపటికి పక్కన మూకుడు కదిలిన చప్పుడు వినిపించింది. రెండు ముద్దలు తిన్నది ఆ పూట, అంతే. మర్నాడు మూడు. ఇప్పటికీ ఒక్కో పూట పంచదార కావాలని అడుగుతుంది. అమ్మ తెచ్చిన బస్తా వెనక్కి పంపేశాను. అమ్మకి కోపం వచ్చింది.

నిన్న శనివారం అత్తయ్య పేర ఆదరణ కూడిక. పాస్టరుగారు, హెడ్‌మాస్టరుగారు, బడి పంతుళ్ళు, అందరికీ మా ఇంట్లోనే భోజనం. ముందురోజు మా ఆయన మిల్లు బియ్యం తెస్తానన్నారు. ఇంట్లో వడ్లున్నాయిగా, అచ్చమ్మ వచ్చి దంపుతుంది అన్నాను.

"అయితే రెండోసారి కూడా దంపించు లీలా. తవుడు పూర్తిగా వదలాలి. ఎర్రన్నం పెడితే, వీడి తల్లి పోయినా వీడి పల్లె పోలేదనుకుంటారు."

ఆయన కళ్ళు వాచి ఉన్నాయి.  సరేనన్నాను.

తెల్లారగానే అచ్చమ్మ వచ్చింది. చెయ్యి తిరిగిన మనిషి. పొట్టు పోయేదాకా దంపి, చేటలో చెరిగి, బియ్యం చాప మీద పోసింది. లేత ఎరుపులో ఉన్నాయి. ఎస్తేరు పక్కన గొంతుక్కూర్చుని నాలుగు గింజలు నోట్లో వేసుకుని నములుతోంది. అచ్చమ్మ చెమట తుడుచుకుని, బియ్యం మళ్ళీ రోట్లో పోయడానికి వంగింది.

"వద్దు అచ్చమ్మా. చాలు."

"అదేంటి పంతులమ్మగారూ, అయ్యగారు మల్లెపూల్లాగా ఉండాలన్నారుగా?"

"అన్నారు."

"ఆనక నన్ను అరుస్తారు, మీకేం!"

"నన్నే అరుస్తారులే. నువ్వు రోకలి గోడకి ఆనించి, పొయ్యి రాజెయ్యి."

నా వంక వింతగా చూస్తూ రోకలి తీసింది. వీధి వైపు బెంచీలు సర్దుతున్న చప్పుడు, మా ఆయన ఎవరినో లోపలికి రమ్మంటున్న మాట వినిపించాయి. నేను ఆ బియ్యం అలాగే చేటలోకి ఎత్తి, ఒక్క నీళ్ళు కడిగి ఎసట్లో పోశాను.